దక్షిణాసియా జనాభా 206 కోట్లా, 197 కోట్లా?

కృష్ణలంక శారద | సోమవారం, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. నేను విజయవాడలో ఉన్నత పాఠశాల పిల్లలకు సాంఘికశాస్త్రం చెబుతాను. సాయంత్రాలు మా డాబా మీద గ్రూప్ పరీక్షలకు చదువుకునే పిల్లలు పది మంది దాకా చేరతారు. నిన్న వాళ్ల మధ్య పెద్ద వాదం నడిచింది. నేను తీర్పు చెప్పలేకపోయాను, అందుకే ఇక్కడికి వచ్చాను.

ఒక అమ్మాయి ఐక్యరాజ్య సమితి పట్టిక తెచ్చింది. అందులో 2024 సంవత్సరానికి దక్షిణాసియా జనాభా సుమారు 206 కోట్లు. ఇంకో అబ్బాయి దగ్గర ప్రపంచ బ్యాంకు పాత పట్టిక ఉంది. అదే 2024, అదే దక్షిణాసియా, కానీ 197 కోట్లు. తేడా తొమ్మిది కోట్లు. మన రాష్ట్రంలాంటివి దాదాపు రెండు పట్టేంత తేడా. ఒకటి అచ్చుతప్పు అని అబ్బాయి, రెండూ అధికారిక సంస్థలవేనని అమ్మాయి. ఇలాంటి ప్రశ్నే ఒక నమూనా పరీక్షలో ఇచ్చి, జవాబుల పత్రంలో ఏ వివరణా లేకుండా ఒక అంకె వేసి వదిలేశారట. పిల్లలు ఆ అంకెను కళ్లు మూసుకుని బట్టీ పట్టారు. నాకు బాధ కలిగింది అక్కడే.

ఈ తొమ్మిది కోట్ల మంది ఎవరు? ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

బ్రాడీపేట మాస్టారు | సోమవారం, రాత్రి 9:25

శారద గారూ, ఆ తొమ్మిది కోట్ల మంది ఇరాన్ ప్రజలు.

ఐక్యరాజ్య సమితి గణాంక విభాగం దేశాలకూ ప్రాంతాలకూ అంకెల సంకేతాలు ఇస్తుంది. ఆ పద్ధతిని ఎం 49 అంటారు. అందులో ప్రపంచానికి 001, ఆసియాకు 142, దక్షిణాసియాకు 034, భారతదేశానికి 356. ఆ 034 కింద తొమ్మిది దేశాలు ఉంటాయి: అఫ్ఘానిస్తాన్, బంగ్లాదేశ్, భూటాన్, భారత్, ఇరాన్, మాల్దీవులు, నేపాల్, పాకిస్తాన్, శ్రీలంక. మీ అబ్బాయి తెచ్చిన ప్రపంచ బ్యాంకు పట్టికలో ఎనిమిదే ఉంటాయి. ఇరాన్‌ను వాళ్లు మధ్యప్రాచ్యంతో కలుపుతారు. ఇరాన్ జనాభా తొమ్మిది కోట్ల పైచిలుకు. మీ తేడా అక్కడికక్కడే సరిపోయింది కదా.

అచ్చుతప్పు ఏదీ లేదు. రెండు అంకెలూ నిజమే. పేరు ఒక్కటే అయినా గుంపులు రెండు. నేను ముప్పై ఏళ్లకు పైగా గుంటూరులో సంఖ్యాశాస్త్రం చెప్పాను. ప్రతి ఏడాదీ మొదటి తరగతిలో ఒకే మాట చెప్పేవాణ్ణి: మొత్తం చూసే ముందు అందులో ఎవరెవరున్నారో చూడమని.

సత్తెనపల్లి విద్యార్థి | సోమవారం, రాత్రి 9:50

మాస్టారూ, నాకు ఒక సందేహం. ఇరాన్ దక్షిణాసియా ఎలా అవుతుంది? మనం చిన్నప్పటి నుంచి చదివింది పశ్చిమాసియా అనే కదా. సార్క్‌లో కూడా ఇరాన్ సభ్యదేశం కాదు.

బ్రాడీపేట మాస్టారు | సోమవారం, రాత్రి 10:15

మంచి ప్రశ్న నాన్నా. సార్క్ దేశాలు తమంతట తాము కలిసి పెట్టుకున్న సంఘం. ఎం 49 అలాంటిది కాదు. లెక్కలు వేసేవాళ్లు పని సౌకర్యం కోసం గీసుకున్న గీతలవి. ఒక దేశాన్ని ఒక గుంపులో పెట్టినంత మాత్రాన దాని రాజకీయ సంబంధాల గురించి ఏమీ చెప్పినట్టు కాదని సమితి స్వయంగా రాసి పెట్టింది.

గీతలు గీసేటప్పుడు ముందు ఖండాన్ని తీసుకున్నారు. తర్వాత ఖండంలోని ఉపప్రాంతాలు మరీ చిన్నవీ మరీ పెద్దవీ కాకుండా, జనాభా స్థితిగతులు కాస్త దగ్గరగా ఉండేలా, లెక్కల నాణ్యత కూడా పోల్చదగ్గట్టు ఉండేలా చూశారు. అంటే పటంలో కొండలూ నదులూ మాత్రమే చూసి గీసినవి కావు.

అయితే కాలం మారుతుంది, గీత అక్కడే ఉంటుంది. 1980ల మొదట్లో ఇరాన్‌లో సగటున ఒక స్త్రీకి ఆరుగురు పిల్లలకు పైనే. తర్వాత ఇరవై ఏళ్లలో అది రెండుకు పడిపోయింది. ప్రపంచంలో అంత వేగంగా తగ్గిన దేశాలు చాలా తక్కువ. ఈ రోజు ఇరాన్, అఫ్ఘానిస్తాన్ పక్కపక్కనే ఒకే గుంపులో ఉన్నాయి, కానీ పిల్లల సంఖ్య విషయంలో వాటికి పోలికే లేదు.

ఇలాంటి వింత చోట్లు ఇంకా ఉన్నాయి. సైప్రస్ ఐరోపా సమాఖ్యలో సభ్యదేశం, ఎం 49లో పశ్చిమాసియా. రష్యా పసిఫిక్ తీరం దాకా విస్తరించినా మొత్తం తూర్పు ఐరోపాలోనే. మెక్సికోను మనం ఉత్తర అమెరికా అంటాం, వాళ్లు మధ్య అమెరికాలో లెక్కిస్తారు.

మిర్చియార్డు పద్దులు | మంగళవారం, ఉదయం 6:30

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణంలో లెక్కలు రాస్తాను. జనాభా శాస్త్రం నాకు తెలియదు. కానీ మాస్టారు సంకేతాలు అనగానే ఒకటి గుర్తుకొచ్చింది.

మా బిల్లుల మీద జీఎస్టీ సంఖ్య 37తో మొదలవుతుంది. తెలంగాణ వ్యాపారులది 36. రాష్ట్రం విడిపోక ముందు ఆంధ్రప్రదేశ్ సంకేతం 28. పేరు ఆంధ్రప్రదేశ్‌గానే ఉన్నప్పుడు 28నే ఉంచుకోవచ్చు కదా, ఎందుకు మార్చారు? పాత దస్త్రాలు తిరగేసేటప్పుడు నాకు ఎప్పుడూ ఈ ఆలోచన వస్తుంది. ప్రపంచ దేశాలకూ ఇలాగే చేస్తారా?

బ్రాడీపేట మాస్టారు | మంగళవారం, ఉదయం 8:05

మీరు అడిగింది ఈ చర్చకంతటికీ గుండెకాయ లాంటి ప్రశ్న.

అచ్చం అలాగే చేస్తారు. సూడాన్ సంకేతం 736గా ఉండేది. 2011 జూలైలో దక్షిణ సూడాన్ విడిపోయింది. కొత్త దేశానికి 728 ఇచ్చారు. మిగిలిన సూడాన్ పేరు మారలేదు, అయినా దానికి 729 అని కొత్త సంకేతం ఇచ్చారు. 736 పాత పటానికే మిగిలిపోయింది. మీ 28, 36, 37ల కథ ఇదే. ఎరిత్రియా వెళ్లిపోయాక ఇథియోపియాకు 230 పోయి 231 వచ్చింది. పశ్చిమ జర్మనీ 280, ఏకమైన జర్మనీ 276.

సూత్రం ఏమిటంటే, భూభాగం మారితే అంకె మారుతుంది. పేరు ఒక్కటే మారితే అంకె మారదు. బర్మా మయన్మార్ అయ్యింది, 104 అలాగే ఉంది. స్వాజీలాండ్ 2018లో ఎస్వాతిని అయ్యింది, 748 అలాగే ఉంది. అక్షరాల సంకేతాలకు ఈ స్థిరత్వం లేదు. మయన్మార్‌కు బీయూ పోయి ఎంఎం వచ్చింది. మన పక్క రాష్ట్రం బండ్ల మీద టీఎస్ పోయి టీజీ వచ్చినప్పుడు జీఎస్టీలో 36 మాత్రం కదలలేదు చూడండి.

ఎందుకంత పట్టుదల అంటారా? 2013లో 28 కింద ఉన్న అంకెనూ 2015లో అదే 28 కింద ఉన్న అంకెనూ పక్కపక్కన పెడితే రాష్ట్రం సగానికి కుంచించుకుపోయినట్టు కనిపిస్తుంది. 2011 జనగణనలో ఉమ్మడి రాష్ట్రం 8.46 కోట్లు, ఇప్పటి హద్దులతో లెక్కిస్తే సుమారు 4.95 కోట్లు. సంకేతం మారితే చదివేవాడు ఒక్క క్షణం ఆగుతాడు.

సత్తెనపల్లి విద్యార్థి | మంగళవారం, ఉదయం 8:40

ఇది నాకు స్వయంగా జరిగింది! గుంటూరు జిల్లా జనాభా గురించి రాసుకుంటూ ఒక పుస్తకంలో 48.87 లక్షలు, ఇంకో పుస్తకంలో 21 లక్షలకు కాస్త తక్కువ చూశాను. రెండింటి కిందా 2011 జనగణన అనే ఉంది. ఇంత మంది వలస పోయారా అనుకున్నాను.

తర్వాత తెలిసింది, 2022 ఏప్రిల్ 4న జిల్లాలు 13 నుంచి 26 అయినప్పుడు పాత గుంటూరు జిల్లా గుంటూరు, పల్నాడు, బాపట్లగా విడిపోయిందని. మా సత్తెనపల్లి పల్నాడులోకి వెళ్లింది. మా ఊరు అంగుళం కదలలేదు, మా ఇంట్లో మనుషులూ అంతే. కానీ పట్టికలో మేము గుంటూరు నుంచి తరలిపోయాం.

కృష్ణలంక శారద | మంగళవారం, ఉదయం 9:00

తమ్ముడూ, ఎంత బాగా చెప్పావు. రేపు ఈ ఉదాహరణతోనే పాఠం మొదలుపెడతాను. మా విజయవాడకూ ఇదే కదా, కృష్ణా జిల్లా పిల్లలం ఎన్టీఆర్ జిల్లా వాళ్లం అయ్యాం.

పటమట ఆరోగ్యం | మంగళవారం, మధ్యాహ్నం 2:20

నేను నర్సుని. పట్టణ ఆరోగ్య కేంద్రంలో క్షయ రోగుల నమోదు చూస్తాను. శిక్షణ తరగతుల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పటాలు చూపిస్తారు. వాటిలో మనం దక్షిణాసియాలో ఉండం, ఆగ్నేయాసియా ప్రాంతంలో ఉంటాం. దాని కార్యాలయం ఢిల్లీలోనే ఉంది. అందులో మనతో పాటు బంగ్లాదేశ్, భూటాన్, నేపాల్, శ్రీలంక, మాల్దీవులు, మయన్మార్, థాయ్‌లాండ్, తూర్పు తిమోర్ ఉంటాయి. ఉత్తర కొరియా కూడా ఉంటుంది. ఇండోనేషియా 2025 దాకా ఉండి పశ్చిమ పసిఫిక్ ప్రాంతానికి మారింది. పాకిస్తాన్, అఫ్ఘానిస్తాన్ మాత్రం తూర్పు మధ్యధరా ప్రాంతంలో, కైరో కార్యాలయం కింద ఉంటాయి.

మొదటిసారి విన్నప్పుడు ఆగ్నేయాసియాలో క్షయ ఎక్కువ అంటే వియత్నాం, ఫిలిప్పీన్స్ గురించి చెబుతున్నారనుకున్నాను. ఆ రెండూ ఆ గుంపులోనే లేవు. వాళ్లు చెబుతున్నది చాలా వరకు మన గురించే. 2023లో ప్రపంచ క్షయ కేసుల్లో నాలుగో వంతుకు పైగా మన దేశానివే. నేను రోజూ మందులు ఇచ్చే మనుషులు ఏ పేరు కింద లెక్కలోకి వెళుతున్నారో ఆ రోజు అర్థమైంది. చాలాసేపు మనసు అక్కడే ఉండిపోయింది.

మంగళగిరి మగ్గం | మంగళవారం, సాయంత్రం 7:10

నేను సమాచార విశ్లేషణ పనిలో ఉన్నాను. సూటిగా ఒక మాట అడుగుతాను. ఈ గుంపులు అసలు ఎందుకు? ఒకప్పుడు చేత్తో లెక్కలు వేసేవారు కాబట్టి గుంపులు కావలసి వచ్చాయి. ఇప్పుడు ప్రతి దేశం అంకె కంప్యూటర్‌లో ఉంది. దేశాన్ని దేశంగా చూడవచ్చు కదా. గుంపు సగటు ఎవరి పరిస్థితినీ చెప్పదు. దక్షిణాసియా 206 కోట్లలో భారత్ ఒక్కటే 145 కోట్లు, పదింట ఏడు వంతులు. ఆ గుంపు సగటు అంటే మన సగటుకు కాస్త ఉప్పు చల్లినట్టు. మాల్దీవుల జనం అందులో ఎక్కడ కనబడతారు?

సుస్థిర అభివృద్ధి లక్ష్యాల నివేదికలైతే మధ్య ఆసియాను కూడా మనతో కలిపేస్తాయి. కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్ వగైరా అయిదు దేశాలూ కలిపి ఎనిమిది కోట్లు. మన పక్కన వాళ్ల అంకె కనిపించనే కనిపించదు.

బ్రాడీపేట మాస్టారు | మంగళవారం, రాత్రి 8:30

మీ ఆవేదనతో నేను ఏకీభవిస్తాను, ముగింపుతో కాదు.

మొదటిది, ప్రతి దేశం అంకె కంప్యూటర్‌లో ఉంది అన్నారు. ఉన్నవాటిలో చాలా వరకు అంచనాలే. అన్ని దేశాలూ పదేళ్లకోసారి జనగణన చేయవు. యుద్ధాలు, డబ్బు లేకపోవడం, ప్రభుత్వాలు కూలిపోవడం. మన దేశానికే 2011 తర్వాత జనగణన జరగకుండా ఎన్నేళ్లు గడిచాయో మీకు తెలుసు. లెక్క లేని చోట పొరుగు దేశాల తీరు చూసి అంచనా కట్టవలసి వస్తుంది. ఆ పొరుగు ఎవరో చెప్పడానికే గుంపు కావాలి.

రెండోది, 2024 అంచనాల్లో సమితి జనాభా విభాగం 237 దేశాలూ ప్రాంతాలకు లెక్క కట్టింది. 237 గీతలు ఒకే పటం మీద గీస్తే ఎవరి కంటికీ ఏమీ ఆనదు.

అదే నివేదికలో వాళ్లు ఇంకో రకం గుంపు కట్టారు. అది నాకు చాలా నచ్చింది. ఖండంతోనూ ఆదాయంతోనూ పని పెట్టుకోకుండా, జనాభా శిఖరం ఎప్పుడు చేరుతుందో దాన్ని బట్టి విడగొట్టారు. 2024 నాటికే శిఖరం దాటినవి 63, అందులో చైనా, జపాన్, జర్మనీ, రష్యా ఉన్నాయి. 2025 నుంచి 2054 లోపు చేరేవి 48, అందులో బ్రెజిల్, ఇరాన్, వియత్నాం. మిగిలిన 126 దేశాల్లో పెరుగుదల 2054 తర్వాత కూడా సాగుతుంది, మన దేశం అందులో ఉంది. మన శిఖరం 2060ల మొదట్లో, 170 కోట్ల దగ్గర అని వాళ్ల అంచనా. ఈ గుంపులో భారత్ పక్కన అమెరికా ఉంటుంది, నైజీరియా ఉంటుంది. ఈ విభజనలో పేదా ధనికా అనే ముద్ర లేదు. అడిగిన ప్రశ్నకు తగ్గట్టు గుంపు కట్టారు. నా వాదం అంతే. గుంపు కట్టడం తప్పు కాదు, ఒక ప్రశ్న కోసం కట్టిన గుంపును ఇంకో ప్రశ్నకు వాడటం తప్పు.

కొండవీటి గాలి | మంగళవారం, రాత్రి 9:15

ముద్ర మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. అభివృద్ధి చెందిన, అభివృద్ధి చెందుతున్న దేశాలు అనే విభజన ఇంకా ఉందా? మా అమ్మాయి పాఠ్యపుస్తకంలో ఉంది. నాకు ఆ మాట వింటే ఎప్పుడూ మనసు చివుక్కుమంటుంది. మనం ఎప్పటికీ చెందుతూనే ఉంటామా?

కృష్ణలంక శారద | మంగళవారం, రాత్రి 9:50

దీని మీద నేను కొంత చదివాను, చెబుతాను.

ముందు మూడో ప్రపంచం అనే మాట. దాన్ని పుట్టించింది ఒక జనాభా శాస్త్రవేత్తే, ఫ్రాన్స్‌కు చెందిన ఆల్ఫ్రెడ్ సోవీ, 1952లో ఒక పత్రికా వ్యాసంలో. ఫ్రెంచి విప్లవం ముందు ఏ హక్కులూ లేని మూడో వర్గం ఉండేది కదా, దాన్ని తలచుకుని అన్నాడు. అంటే ఆ మాట పుట్టుకలో చిన్నచూపు లేదు. ఈ జనం కూడా ఒక రోజు తమ వాటా అడుగుతారు అనే అర్థం ఉంది. మూడో స్థానం అనే అర్థం తర్వాత అంటుకుంది.

ఇక చెందిన, చెందుతున్న అనే జంట. ఎం 49లో ఆ విభజన 1996లో చేరింది, 2021 డిసెంబరులో తీసేశారు. ప్రపంచ బ్యాంకు 2016లోనే తన సూచికల పట్టికల్లో దాన్ని వదిలేసింది. తీసేయడానికి కారణం ఉంది. ఐరోపా, అమెరికా, కెనడా, జపాన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఒక పక్క, మిగతా ప్రపంచం ఒక పక్క. ఐరోపాలో ఉన్నందుకు మాల్డోవా అభివృద్ధి చెందినది, ఆసియాలో ఉన్నందుకు సింగపూర్, దక్షిణ కొరియా చెందుతున్నవి. ఎవరైనా ఒప్పుకుంటారా?

మా తరగతిలో ఒక పాప అడిగింది, టీచర్, సింగపూర్ కంటే మాల్డోవా గొప్పదా అని. నా దగ్గర ఉన్న సమాధానం ఆ గీత పాతది అని మాత్రమే.

మంగళగిరి మగ్గం | మంగళవారం, రాత్రి 10:20

శారద గారూ, ఒక జాగ్రత్త. లెక్కల పట్టికలో తీసేశారని ఒప్పందాల్లో కూడా పోయిందనుకోకూడదు. 1992 వాతావరణ ఒప్పందంలో ఒక అనుబంధ జాబితా ఉంది. పొగ ఎక్కువ వదిలిన పాత పారిశ్రామిక దేశాలకు అదనపు బాధ్యతలు ఆ జాబితాను బట్టే వచ్చాయి. మనం అందులో లేం. గౌరవం కోసం మనమే ఆ గీతను చెరిపేసుకుంటే, అటువైపు ఉన్నవాళ్లకు బాధ్యత తగ్గుతుంది. నాకు ముద్ర కంటే బాకీ ముఖ్యం.

కొండవీటి గాలి | మంగళవారం, రాత్రి 10:35

ఈ కోణం నేను ఆలోచించలేదు. ధన్యవాదాలు.

మిర్చియార్డు పద్దులు | బుధవారం, ఉదయం 6:45

ఆదాయం ప్రకారం కూడా దేశాలను విడగొడతారని విన్నాను. అదెలా?

బ్రాడీపేట మాస్టారు | బుధవారం, ఉదయం 8:20

ప్రపంచ బ్యాంకు ఏటా జూలై 1న చేస్తుంది. తలసరి జాతీయాదాయాన్ని డాలర్లలోకి మార్చి నాలుగు మెట్లు: తక్కువ, దిగువ మధ్య, ఎగువ మధ్య, అధిక ఆదాయం. 2024 జూలైలో ప్రకటించిన హద్దులు చెబుతాను. 1,145 డాలర్ల వరకు తక్కువ, 4,515 వరకు దిగువ మధ్య, 14,005 వరకు ఎగువ మధ్య, ఆపైన అధికం. 2007 లెక్కతో మనం దిగువ మధ్యలోకి వచ్చాం, ఇప్పటికీ అక్కడే ఉన్నాం.

ఇక్కడ పెద్ద గొయ్యి ఉంది, మీలాంటి లెక్కలు రాసేవారు వెంటనే పట్టుకుంటారు. హద్దులు ఏటా మారతాయి, దేశాలు మెట్లు ఎక్కుతాయి, ఒక్కోసారి దిగుతాయి. 2000 ప్రాంతంలో తక్కువ ఆదాయ దేశాలు అరవైకి పైగా, 2024 జాబితాలో 26. భారత్ ఒక్కటే బయటికి రాగానే ఆ గుంపు నుంచి వంద కోట్లకు పైగా మనుషులు మాయం. అప్పటి నివేదికలో తక్కువ ఆదాయ దేశాల జనాభా అని ఉన్న అంకెనూ ఇప్పటి నివేదికలో ఉన్న అంకెనూ పక్కన పెట్టి ఎవరైనా కథ అల్లితే నమ్మకండి. బ్యాంకు సాధారణంగా ఈనాటి జాబితానే వెనకటి సంవత్సరాలకు కూడా వర్తింపజేసి మొత్తాలు వేస్తుంది. పాత పుస్తకం తెరిస్తే ఆ అంకె వేరుగా ఉంటుంది.

ఇంకో జాబితా అత్యల్పాభివృద్ధి దేశాలది. 1971లో 25 దేశాలతో మొదలైంది. తలసరి ఆదాయం ఒక్కటే కాకుండా ఆరోగ్యం, చదువు, ఆర్థికంగానూ పర్యావరణపరంగానూ దెబ్బ తట్టుకునే శక్తి కూడా చూస్తారు. మూడేళ్లకోసారి సమీక్ష. బయటపడటం చాలా కష్టం. మొదట బోట్స్వానా 1994లో బయటికి వచ్చింది. మన పొరుగున మాల్దీవులు 2011లో, భూటాన్ 2023 డిసెంబరులో వచ్చాయి. బయటికి వస్తే గౌరవం వస్తుంది, ఎగుమతుల మీద సుంకం రాయితీలు క్రమంగా పోతాయి. మన మగ్గం గారు చెప్పిన ముద్ర, బాకీ అనే తూకం ఇక్కడా ఉంది.

సత్తెనపల్లి విద్యార్థి | బుధవారం, రాత్రి 7:30

మాస్టారూ, కొంచెం గందరగోళంలో పడ్డాను. శారద టీచర్ గారి 197 కోట్లు సరిచూద్దామని ప్రపంచ బ్యాంకు కొత్త పట్టిక తెరిచాను. దక్షిణాసియా 168 కోట్లే వస్తోంది! 197 ఎక్కడా లేదు. ఇరాన్‌ను మళ్లీ తీసేసినా ఇంత తగ్గదు కదా, అది ఎలాగూ ఇందులో లేదు. 29 కోట్లు పోయాయి.

బ్రాడీపేట మాస్టారు | బుధవారం, రాత్రి 7:55

నాన్నా, ఈసారి నేను చెప్పను. నువ్వే సభ్యుల జాబితా తెరిచి పేర్లు లెక్కపెట్టు.

సత్తెనపల్లి విద్యార్థి | బుధవారం, రాత్రి 8:25

ఆరే ఉన్నాయి! పాకిస్తాన్, అఫ్ఘానిస్తాన్ లేవు. 2025 జూలై 1 నుంచి ఆ రెండింటినీ మధ్యప్రాచ్యం, ఉత్తర ఆఫ్రికా గుంపులోకి మార్చారు, ఆ గుంపు పేరులో కూడా వాటి పేర్లు చేర్చారు. పాకిస్తాన్ 25 కోట్లు, అఫ్ఘానిస్తాన్ 4 కోట్ల పైచిలుకు. కలిపితే 29. సరిపోయింది!

అంటే ఇప్పుడు మూడు దక్షిణాసియాలు ఉన్నాయి: తొమ్మిది దేశాలది, ఎనిమిది దేశాలది, ఆరు దేశాలది.

పటమట ఆరోగ్యం | బుధవారం, రాత్రి 8:40

మా ఆరోగ్య పటంలో కూడా ఆ రెండు దేశాలూ అటువైపే ఉంటాయని నిన్న రాశాను. ఇప్పుడు బ్యాంకు కూడా అలాగే చేసిందన్నమాట.

బ్రాడీపేట మాస్టారు | బుధవారం, రాత్రి 9:30

శభాష్. ఇప్పుడు ఇంకో అడుగు వేద్దాం. అసలు నన్ను కలవరపెట్టేది ఇదే.

పాకిస్తాన్‌లో సగటున ఒక స్త్రీకి మూడున్నర మంది పిల్లలు, అఫ్ఘానిస్తాన్‌లో నాలుగున్నర పైన. మన దగ్గర రెండుకు అటూఇటూ. ఎక్కువ ఉన్న రెండింటినీ తీసేస్తే గుంపు సగటు వెంటనే కిందికి దిగుతుంది. ఎక్కడా ఒక్క జననం తగ్గలేదు, ఒక్క ఆడపిల్ల అదనంగా బడికి వెళ్లలేదు. అయినా దక్షిణాసియాలో సంతాన రేటు తగ్గింది అని ఒక వాక్యం రాసేయవచ్చు. ఆరు దేశాల గుంపులో మన వాటా నూటికి 86. ఇక అది దాదాపుగా భారతదేశమే.

భారతదేశం అన్నది కూడా ఒక గుంపే సుమా. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం సగటు 2.0. బిహార్ 3.0, మన ఆంధ్రప్రదేశ్ 1.7. తరం తరాన్ని భర్తీ చేయడానికి కావలసింది 2.1. మన జిల్లాల్లో పల్లెకు వెళ్లి ఏ అరుగు మీద చూసినా పెద్దవాళ్లే కనబడుతున్నారు. స్థానిక ఎన్నికల్లో ఇద్దరు పిల్లల నిబంధనను 2024లో మన రాష్ట్రం ఎత్తివేసింది. మన దేశం ఇంకా పెరిగే 126లో ఉందని నిన్న రాశాను. మన రాష్ట్రం ఒక్కటే ఒక దేశమై ఉంటే ఏ గుంపులో పెట్టేవారో ఆలోచించండి.

కొండవీటి గాలి | బుధవారం, రాత్రి 9:50

మా వీధిలో ప్రాథమిక పాఠశాలలో ఒకటో తరగతికి ఈ ఏడాది నలుగురే చేరారు. మీ మాట చదువుతుంటే వాళ్ల ముఖాలు కనిపించాయి మాస్టారూ.

మిర్చియార్డు పద్దులు | గురువారం, ఉదయం 6:20

చివరగా ఒకటి. ప్రపంచంలో దేశాలెన్ని అని మా అబ్బాయి అడిగాడు. 193 అన్నాను. మాస్టారు 237 అన్నారు. ఏది చెప్పాలి?

కృష్ణలంక శారద | గురువారం, ఉదయం 7:15

ఇది నేను చెబుతాను. సమితిలో సభ్యదేశాలు 193. పరిశీలక హోదాలో ఉన్న వాటికన్, పాలస్తీనా కలిపితే 195. జనాభా పట్టికలో ఉన్న 237 దేశాలూ ప్రాంతాలూ కలిపి. గ్రీన్‌లాండ్, హాంకాంగ్, మకావ్ దేశాలు కాకపోయినా వాటి జనం వేరుగా లెక్కకు వస్తారు. పశ్చిమ సహారా కూడా. చైనాకు ఇచ్చే 142 కోట్లలో హాంకాంగ్, మకావ్, తైవాన్ కలిసి ఉండవు. ఎవరి హక్కు ఏమిటన్న తగవు వేరు, అక్కడ ఉన్న మనుషులు లెక్కలోకి రావడం వేరు. ఎవరూ రెండుసార్లు రాకూడదు, ఎవరూ తప్పిపోకూడదు. అందుకే ఆ పట్టిక ప్రతిచోటా దేశం లేదా ప్రాంతం అని రాస్తుంది. మీ అబ్బాయికి సభ్యదేశాలు అయితే 193 అని, ఆ మొదటి మాటతో సహా చెప్పండి.

నిన్న రాత్రి డాబా మీద పిల్లలతో గోడకు పెద్ద కాగితం అంటించాం. మూడు దక్షిణాసియాలు పక్కపక్కన, ప్రతిదాని కింద దేశాల పేర్లు, ఆ తర్వాతే మొత్తం. మొదట మొత్తం రాద్దామన్న అబ్బాయిని అమ్మాయే ఆపింది. నాలుగో గడి ఖాళీగా ఉంచాం, ఆరోగ్య సంస్థ జాబితా కోసం. పటమట నర్సు గారూ, మీ శిక్షణ పటం ఫొటో ఒకటి పెట్టగలరా? ఇండోనేషియాను ఎటు రాయాలో పిల్లలు అడుగుతున్నారు.

పటమట ఆరోగ్యం | గురువారం, మధ్యాహ్నం 1:40

నా దగ్గర ఉన్నది 2025కు ముందు పటం అమ్మా. దాని మీద పైన సంవత్సరం రాసి పంపుతాను. కొత్తది వచ్చాక రెండూ పక్కపక్కన పెట్టండి.